విమానములకు కూడలి యేల?



మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో నేను ఏ రచ్చబండకడ కూర్చున్నను నన్ను తప్పక అడుగు ప్రశ్నలు రెండు గలవు. మొదటిది: “దొనకొండలో తెల్లవారు చేసిన విమానాల మైదానం అట్లే పడి ఉంది గదా, అక్కడ విమానం ఎందుకు దిగదు?” రెండవది: “మా పిల్లలు ఎక్కే విమానం ఎప్పుడు చూచినా నడిరాత్రి దాటినాకనే ఎందుకు కదులుతుంది?” ఈ ప్రశ్నలు చూచుటకు వేఱువేఱుగా నున్నను వీనికి మూలము ఒక్కటే. ఆ మూలమును నేను వెదకుటకు మా యింట జరిగిన యొక సంగతి కారణమైనది. దానిని ముందుగా మనవిచేసి, పిదప విషయములోనికి వచ్చెదను.

మా అన్నగారు గిద్దలూరు సమీపమున నొక పల్లెయందు మాఘమాసమున కాలము చేసిరి. వారికి ఒక్కతే కుమార్తె. ఆమె అమెరికాలో కాపురమున్నది. బిడ్డ వచ్చి తండ్రి ముఖము చూచువఱకు దహనము చేయరాదని నిశ్చయించి, ఐసు పెట్టె తెప్పించి, రెండు దినములు కనిపెట్టుకొని యుంటిమి. ఆమె తానున్న యూరినుండి యొక విమానమెక్కి, నడుమ నొక పెద్ద విమానాశ్రయమున దిగి, అచ్చట హైదరాబాదునకు వచ్చు మఱియొక విమానము ఎక్కవలసియుండెను. రెండింటికిని నడుమ గంటంబావు వ్యవధి. మంచు కురియుటచే మొదటి విమానము ఏబది నిమిషములు ఆలస్యముగా దిగెను. ఆమె పరుగు పరుగున రెండవ విమానము కడకు పోవునప్పటికి తలుపు మూసి పది నిమిషములైనది. విమానము మాత్రము అద్దముల కావల కన్నులకు కనబడుచునే యున్నదట. మరుసటి విమానము మరునాటికి గాని లేదు. ఇచ్చట మే మంతకాలము ఆగలేకపోతిమి. చితికి నిప్పు నేనే పెట్టితిని. మూడవనాడు ఇల్లు చేరిన బిడ్డ నన్ను అడిగిన మాట యిది: “పది నిమిషాలు ఆపి ఉంటే వాళ్ల కేమి పోయేది, చిన్నాయనా?”

ఆనాడు నా కడ ప్రత్యుత్తరము లేదు. కోపము మాత్రము ఉన్నది. ఆ పది నిమిషముల విలువ యేమో, దానిని లెక్కించువా రెవరో తెలిసికొనవలెనని తరువాత నేను చదివిన సంగతులనే నేడు మీకు చెప్పబోవుచున్నాను.

మొదట దొనకొండ మాట. మనలో పెద్దవారు దొనకొండను రెండు విధముల నెఱుగుదురు. గుంటూరు, గుంతకల్లుల నడుమ మీటరుగేజి బండ్లు నడచిన దినములలో అది ఆవిరి యింజనుల షెడ్డు గల స్టేషను. బొగ్గు వేసికొనుటకును, నీరు పట్టుటకును, ఇంజను మార్చుటకును బండి అచ్చట ఆగక తీరదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచ్చటనే విమానములు దిగుటకు మైదానము ఏర్పడినది. దానికిని కారణ మట్టిదే. నాటి విమానములు ఒక్క దూకున దూరదేశములు పోజాలవు. దారిలో దిగి ఇంధనము పోసికొనవలెను. 1932 అక్టోబరులో టాటావారు మన దేశమున తపాలా విమానము ప్రారంభించినప్పుడు, బొంబాయినుండి మద్రాసునకు పోవు విమానము బళ్లారిలో దిగుట యిందువలననే.

పిదప ఏమి జరిగినది? డీజిలు యింజను వచ్చెను. దానికి బొగ్గుతోను నీటితోను పనిలేదు. 1990ల దశకమున దారి బ్రాడుగేజి ఆయెను. దొనకొండ షెడ్డునకు పూర్వపు వైభవము పోయెను. విమానమునకును అట్లే పెద్ద తొట్లు, బలమైన యింజనులు వచ్చెను. నడుమ దిగవలసిన అగత్యము తీరెను. కావున దొనకొండపై విమానములకు అలుక యేమియు లేదు. అవి యచ్చట దిగినది జనము కొఱకు గాదు, ఇంధనము కొఱకు. ఆ యవసరము తీరగనే అవి దిగుట మానినవి. ఒక యూరు బండికి అవసరమైనంత కాలమే బండి ఆ యూరికి ఆగును. ఈ మాటను మనసున నుంచుకొనుడు, దీనితో పనిపడును.

నేడు విమానము దారిలో దిగవలసిన అగత్యము లేదు గదా, మఱి యే యూరినుండి ఆ యూరికి నేరుగా ఏల పోదు? మా అన్న బిడ్డ నడుమ మాఱవలసిన పని యేమి? దీనికి చిన్న లెక్క యున్నది. పది యూళ్లున్నవనుకొనుడు. ప్రతి యూరినుండియు ప్రతి యూరికిని నేరుగా బండి నడపవలెనన్న 45 దారులు కావలెను. ఆ పదింటిలో నొకదానిని కూడలిగా జేసికొని, తక్కిన తొమ్మిదింటి బండ్లును అచ్చటికి వచ్చునట్లు చేసినచో 9 దారులు చాలును. నలువదియైదు దారులలో పెక్కింటికి బండి నిండదు. తొమ్మిదింటికి నిండును. మఱియు, పదునొకండవ యూరు వచ్చి చేరవలెనన్నచో కొత్తగా ఒక్క దారి వేసిన చాలును. ఆ యొక్క దారితో దానికి పది యూళ్లతోను సంబంధ మేర్పడును. మన సంత సంగతియు నిదియే గదా! పచ్చిమిరప పండించినవాడు కొనువాని యింటికి, కొనువాడు పండించినవాని యింటికి తిరుగడు. ఇద్దఱును సంతకు పోవుదురు.

అయితే సంతకు స్థలమొక్కటి కుదిరిన చాలదు, దినమును కుదురవలెను. అమ్మువాడు సోమవారమును, కొనువాడు గురువారమును వచ్చినచో అది సంత కాజాలదు. విమానముల కూడలికిని ఇదే ధర్మము. దీనికి మన దేశముననే చక్కని నిదర్శన మున్నది. 1949 జనవరిలో రాత్రి తపాలా విమానములు ప్రారంభమయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు ఈ నాలుగు నగరములనుండియు ఒక్కొక్క విమానము రాత్రివేళ బయలుదేరి నాగపురము చేరెడిది. నాలుగును నడిరాత్రి యచ్చట కలిసికొని, తపాలా సంచులను, ప్రయాణికులను ఒకదానినుండి యొకటికి మార్చుకొని, తెల్లవారునప్పటికి ఎక్కడివి అక్కడికి తిరిగి పోయెడివి. నేరుగా నడుపుటకు ఆరు దారులు కావలసిన చోట నాలుగు విమానములు సరిపోయెను. నాగపురము నాటికి ఆ నాలుగు నగరములంత పెద్దది కాదు. అది నడుమ నున్నది. అంతియే దాని భాగ్యము.

నేటి పెద్ద కూడలులలో ఈ పద్ధతి విస్తరిల్లినది. అమెరికా ప్రభుత్వము 1978లో విమాన సంస్థలకు దారులను, ధరలను తామే నిర్ణయించుకొను స్వేచ్ఛ నిచ్చిన పిదప అచ్చటి సంస్థలు అట్లాంటా, డల్లాసు మొదలగు నగరములను ఇట్టి కూడలులుగా పెంచుకొనెను. ఒక గంట కాలములో ఇరువది విమానములు నలుదిక్కులనుండి వచ్చి దిగును. గంటయో గంటన్నరయో నిలుచును. పిదప ఇరువదియు ఒక్క మాఱుగా నలుదిక్కులకు బయలుదేరును. దీనిని నేను ‘విడత’ యనెదను. కంభము చెరువులోనికి వాగులన్నియు వచ్చిచేరిన పిదప తూములెత్తి నీరు విడిచినట్లని తలంపుడు. వచ్చినవి ఇరువది, పోవునవి ఇరువది. ఇరువదిని ఇరువదితో హెచ్చించిన 400. వచ్చిన యూరికే తిరిగిపోవువా రుండరు గనుక ఇరువది తీసివేసిన 380 జతల యూళ్లకు ప్రయాణ మేర్పడినది. ఆ విమానములే దినమెల్ల చెదరి, గంట కొకటి చొప్పున వచ్చి పోవునేని, అందులో పెక్కు జతలకు ఏడెనిమిది గంటలు కాచుకొనవలసి వచ్చును; అట్టి టిక్కెట్టు నెవడు కొనును?

దీనికి నష్టమును గలదు. విడత వచ్చినప్పుడు విమానాశ్రయము తిరునాళ్లవలె నుండును; విడత పోయిన పిదప పనివారు చేతులు ముడుచుకొని కూర్చుందురు. విమానములును నేలపై ఊరక నిలుచును. గాలిలో నున్నంతసేపే గదా విమానమునకు సంపాదన! అందుచేత 2002లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ చికాగో, డల్లాసులలో విడతలను సడలించి విమానములను దినమెల్ల పఱచినది. విమానములకు పని హెచ్చెను. ప్రయాణికునకు నిరీక్షణము హెచ్చెను. ఒకరికి లాభమైనది మఱియొకరికి ఆలస్యమగును. వేళలు నిర్ణయించువాని బల్లమీద నిత్యము నుండు తక్కెడ యిదియే.

ఇప్పుడు ఆ పది నిమిషముల మాట చెప్పెదను. విమానమును ఆపవలెనా, విడువవలెనా యని చూచుటకు కూడలిలో ప్రత్యేకముగా మనుష్యు లుందురు. ఆలస్యముగా వచ్చిన విమానములో నుండి ఈ విమానమునకు మాఱవలసినవా రెందఱు? వారికి తరువాతి విమాన మెప్పుడు? ఇది ఆలస్యమైనచో ఆవలి యూర దిగిన పిదప అదే విమానమున తిరిగి రావలసినవా రెందఱు? వారు కూడలికి వచ్చి మఱల ఎక్కవలసిన విడత తప్పునా? పైలట్ల పని గంటలకు చట్టము విధించిన హద్దు దాటునా? ఇవి యన్నియు వారు లెక్కింతురు. ఒక్క విమానము పది నిమిషములు ఆగుటతో పోదు. రన్‌వేపై తన వంతు తప్పి, అది యర్ధగంట యగును. ఆలస్యముగా వచ్చువారు ఇరువదిమంది యున్నచో ఆపుదురు. నలుగురున్నచో ఆలోచింతురు. మా బిడ్డ ఒక్కతే. ఈ మూడువందలమంది కొఱకు ఆ యొక్కతెను విడిచిరి. వారిది దయలేని పని యని నేను నేటికిని అనుకొందును. తెలివిలేని పని యని మాత్రము అనలేను. జనము పలుచగా నున్న దారిని వచ్చినవాడు కూడలిలో ఎల్లప్పుడు ఒంటరివాడే.

ఇక రెండవ ప్రశ్న: నడిరాత్రి ప్రయాణ మేల? హైదరాబాదునుండి అమెరికా పోవు మనవారిలో పెక్కుమంది ఐరోపాలోనో, గల్ఫులోనో మాఱుదురు. ఐరోపానుండి అమెరికా పోవు విమానముల విడత ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము వఱకు నుండును. అట్లు పోయిన అమెరికాలో పగటివేళనే దిగి, అచ్చటి కూడలులలో సాయంకాలపు బండ్లను అందుకొనవచ్చును. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున 2011 మొదలు రాత్రి 11 గంటలనుండి ఉదయము 5 గంటలవఱకు, చుట్టుపట్ల జనుల నిద్రకొఱకు, విమానముల రాకపోకలకు నిషేధ మున్నది. కావున అచ్చటికి ఉదయము ఆరేడు గంటలకు చేరవలెను. చలికాలమున వారి గడియారము మనదానికంటె నాలుగున్నర గంటలు వెనుక; ప్రయాణము తొమ్మిది గంటలకు కొంచె మటునిటు. వెనుకకు లెక్కించి చూడుడు. హైదరాబాదున రాత్రి రెండు గంటలు తేలును. తిరుగు ప్రయాణమును అట్లే. అమెరికానుండి ఉదయము ఐరోపా చేరినవారిని ఎక్కించుకొని మధ్యాహ్నము బయలుదేరిన విమానము నడిరాత్రి దాటిన పిదప హైదరాబాదున దిగి, గంటా రెండుగంటలలో మఱల బయలుదేరును. గల్ఫు విమానములకును ఇదే సూత్రము: దుబాయి నాలుగు గంటల దూరము, అచ్చట ఉదయపు విడత కందవలెనన్న మన చోట తెల్లవారక మునుపే కదలవలెను. అనగా మన నిద్రవేళలను మన హైదరాబాదు నిర్ణయించుట లేదు. వేలమైళ్ల యావల నున్న కూడలి నిర్ణయించుచున్నది.

ఈ వేళల వలన మన ప్రాంతమునకు ఒక ప్రత్యేకమైన కష్ట మున్నది. మార్కాపురమునుండి దోర్నాల, శ్రీశైలము మీదుగా హైదరాబాదు పోవు దారి నల్లమల పులుల అభయారణ్యములోనుండి పోవును. అడవి మృగముల క్షేమము కొఱకు రాత్రి 9 మొదలు ఉదయము 6 వఱకు ఆ దారిని బండ్లను పోనీయరు. నడిరాత్రి విమానము దిగిన మన బిడ్డలు తెల్లవారువఱకు కాచుకొనవలెను, లేదా నాగార్జునసాగరము, మాచర్ల, ఎఱ్ఱగొండపాలెము చుట్టి రావలెను. పెద్దపులి రాత్రి తిరుగుటయు న్యాయమే. ఫ్రాంక్‌ఫర్టువారు రాత్రి నిద్రించుటయు న్యాయమే. ఈ రెండు న్యాయముల నడుమ నలుగువారము మనము.

ఇక విమానాశ్రయముల నడుమ పోటీ సంగతి. కూడలి యైన యూరికి పని, వర్తకము, పేరు వచ్చును. అందుచేత ప్రతి నగరమును కూడలి కావలెనని పోరాడును. 1985 అక్టోబరులో దుబాయి పాలకులు అద్దెకు తెచ్చిన రెండు విమానములతో ఎమిరేట్స్ అను సంస్థను ప్రారంభించిరి. సొంత జనము స్వల్పము. కాని ఐరోపా, ఆసియా, ఆఫ్రికాల నడుమ నున్న స్థానమును గుర్తెఱిగి, ప్రపంచములోని మహా కూడలులలో నొకటిగా దానిని నిర్మించుకొనిరి. మన దక్షిణదేశమున 2008 మార్చిలో హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయమును, అదే సంవత్సరము మే నెలలో బెంగుళూరు దేవనహళ్లి విమానాశ్రయమును తెఱచిరి. నాటినుండి రెండును ఒకే పంటకాలువపై రెండు గ్రామములవలె పోటీ పడుచున్నవి.

ఈ పోటీలో ఉపయోగించు ఆయుధములు కొన్ని చెప్పెదను. మొదటిది ఒప్పందము. శంషాబాదు కట్టినవారితో ప్రభుత్వము చేసికొనిన ఒప్పందము ననుసరించి, అది తెఱచిన నాటినుండి 25 సంవత్సరముల వఱకు, 150 కిలోమీటరుల లోపల అంతర్జాతీయ విమానాశ్రయమును కట్టుటకు గాని, ఉన్నదానిని అట్లు పెంచుటకు గాని వీలులేదు. ఓరుగల్లు కడ నిజాము నాటి మామునూరు మైదానము బహుకాలము పడియుండుటకు ఈ నిబంధనము ఒక కారణము. శంషాబాదువారు అభ్యంతరము లేదని తెలిపిన పిదప 2025లో దానికి కేంద్రము అనుమతి నిచ్చినది. మన దొనకొండ శంషాబాదునకు కాకిదారిన సుమారు 190 కిలోమీటరులు. కావున ఆ నిబంధనము మనకు అడ్డుగాదు. మన అడ్డంకి వేఱు. రెండవ ఆయుధము పన్ను. విమాన మొకటి నడుపు ఖర్చులో మూడవ వంతునకు పైగా ఇంధనమునకే పోవుట కలదు. దానిపై రాష్ట్రములు పన్ను వేయును. ఒక రాష్ట్రము తగ్గించినచో విమానము అచ్చట తొట్టి నింపుకొని పోవును. తెలంగాణము ఏర్పడిన పిదప ఆ రాష్ట్రము ఈ పన్నును నూటికి 16 నుండి 1కి తగ్గించినది. మూడవది రాయితీ: కొత్త దారి వేసిన సంస్థకు దిగు రుసుమును కొంతకాలము మాఫీ చేయుట.

ఇన్ని చేసినను కూడలి శాశ్వతమా? కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ అను నగర మున్నది. అచ్చటి వేంకటేశ్వరస్వామి ఆలయము వలన అది తెలుగువారికి చిరపరిచితము. యూఎస్ ఎయిర్‌వేస్ అను సంస్థ ఆ యూరిని కూడలిగా జేసికొనగా, ఆ సంస్థ కనుకూలముగా 1992లో గొప్ప భవనమును కట్టిరి. విడత వెంట విడత విమానములు వచ్చి పోయెను. పిదప సంస్థకు నష్టములు వచ్చినవి. దానికి ఫిలడెల్ఫియాలోను, షార్లెట్‌లోను వేఱు కూడలు లుండెను. 2004లో పిట్స్‌బర్గ్ కూడలిని వదలుకొనెను. భవనము మిగిలెను, దానిపై అప్పు మిగిలెను, విమానములు పోయెను. పిట్స్‌బర్గ్‌వారు చేసిన తప్పేమి? ఆ విమానములలోని జనము తమ యూరికి వచ్చువారని భ్రమించుటయే. వారిలో పెక్కుమంది అచ్చట విమానము మాఱి పోవువారు. దారి మార్చిన, వారును మాఱిరి. దొనకొండ షెడ్డు కథయే యిది, పెద్ద యెత్తున.

మఱి మనవంటి చిన్న సీమలకు దారి యేమి? మన చుట్టును ఉన్నవానిని చూతము. కడప విమానాశ్రయమును 2015 జూనులో తెఱచిరి. కేంద్ర ప్రభుత్వము ‘ఉడాన్’ అను పథకమును పెట్టి, 2017 ఏప్రిల్ 27న ప్రారంభించిన తొలి దారులలో కడప–హైదరాబాదు ఒకటి. ఈ పథకమున సగము సీట్లకు ధర కట్టడి చేసిరి. ప్రారంభమున గంట ప్రయాణమునకు 2,500 రూపాయలు. సంస్థకు వచ్చు నష్టమును మూడు సంవత్సరముల వఱకు భర్తీచేయుదురు. ఆ దారిని నడపిన ట్రూజెట్ అను సంస్థ హైదరాబాదు కేంద్రముగా 2015లో వెలసినది. 2022 ఫిబ్రవరిలో ఎగురుట మానినది. అంతట కడపకు విమానమును రప్పించుటకు రాష్ట్ర ప్రభుత్వము నష్టభర్తీకి అంగీకరింపగా, ఇండిగో సంస్థ ఆ సంవత్సరము మార్చిలో వచ్చినది. కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయమును 2021 మార్చి 25న తెఱచి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు పెట్టిరి. మూడు దినములకు అచ్చటినుండి బెంగుళూరు, చెన్నపట్టణము, విశాఖపట్టణములకు విమానములు బయలుదేరినవి. మన గిద్దలూరు, మార్కాపురములు 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలోనివే. గిద్దలూరువారికి నల్లమల కనుమ దాటి, నంద్యాల మీదుగా పోయిన ఓర్వకల్లు నేటికిని అందుబాటులోనిదే.

కాబట్టి దొనకొండకు నాలుగు దిక్కుల నాలుగు విమానాశ్రయము లున్నవి: శంషాబాదు, గన్నవరము, ఓర్వకల్లు, కడప. కాకిదారిన ఏదియు రెండువందల కిలోమీటరులకు మించదు. ఈ నాలుగింటి నడుమ అయిదవది నిలువవలెనన్న జనము కావలెను. డెబ్బది సీట్ల చిన్న విమానము దినమున కొక్క సారి వచ్చి పోవలెనన్నను, పదింట ఏడు సీట్లు నిండుటకు దినమునకు ఏబదిమంది పోవువారును, ఏబదిమంది వచ్చువారును ఉండవలెను. రెండు వైపుల కలిపి ఏటికి సుమారు ముప్పదియాఱు వేలమంది. ఆ విమానమును మనకు పంపినవాడు దానిని మఱియొక దారినుండి తీసి పంపవలెను. అచ్చటికంటె మన దారిని మిగులు కనబడనిదే అతడు పంపడు. ప్రభుత్వము డబ్బిచ్చి పంపించినచో, ఆ డబ్బున్నంత కాలమే ఉండును.

దొనకొండలో విమానము వలదని నే ననుట లేదు. పలకల పరిశ్రమ గల మార్కాపురమునకును, వలసపోయిన బిడ్డలు గల మన పల్లెలకును దూరదేశములతో సంబంధము గలదు; ఆశపడుట తప్పు గాదు. కాని భూమి అడుగుటకు అధికారులు వచ్చి సభ చేసినప్పుడు “విమానాశ్రయము వచ్చునా?” యని యడిగి ఊరకుండవలదు. మూడు ప్రశ్న లడుగుడు. ఇచ్చటనుండి పోవు విమానము ఏ కూడలికి పోవును? అచ్చట ఏ విడత కందును? నష్టభర్తీ గడువు తీరిన పిదప దానిని నడపువా రెవరు? హైదరాబాదున ఉదయము పది గంటలకు దింపు విమానము, నడిరాత్రి విడతకు పోవు మన బిడ్డకు ఎందుకును కొఱగాదు. దానికంటె మార్కాపురమునుండి మాచర్ల దారిని శంషాబాదు తలుపుకడకు పోయి, రాత్రి విడత కంది, దిగినవారిని తెల్లవారునప్పటికి ఇల్లు చేర్చు నమ్మకమైన బస్సు మేలు. అది వెంటనే కోరదగినది, మైదానము అక్కఱలేనిది.

ఇంటివారికి రెండు మాటలు. బిడ్డలు టిక్కెట్టు కొనునప్పుడు తక్కువ వ్యవధి గలదానిని చూచి సంతోషింపకుడు. చలికాలమున మాఱుచోట మూడు గంటలైన నుండునట్లు చూడుమనుడు. రెండు విమానములును ఒకే టిక్కెట్టుపై నుండవలెను; అట్లున్నచో మొదటిది ఆలస్యమై రెండవది తప్పినను, తరువాతి విమానమున చేర్చు బాధ్యత సంస్థపై నుండును. వేర్వేఱు టిక్కెట్లయినచో ఆ బాధ్యత ఎవరికిని లేదు. మఱియు ఆ కూడలినుండి హైదరాబాదునకు దినమునకు ఎన్ని విమానములు గలవో అడుగుమనుడు. రెండున్న చోట ఒకటి తప్పిన సాయంకాలమునకు మఱియొకటి దొరకును. ఒక్కటే యున్న చోట ఒక దినము పోవును. మా బిడ్డకు పోయినది ఆ యొక్క దినమే.

ఆమెకు నేను తరువాత ఈ సంగతు లన్నియు చెప్పితిని. అంతయు విని, “లెక్క అర్థమైంది, చిన్నాయనా. నాయన లెక్కలో లేడు, అంతే” యన్నది. లెక్క వేయువారిని మార్చుట మనచేత గాకపోవచ్చును. ఆ లెక్క యెట్లు వేయుదురో తెలిసికొని, మన యింటి ప్రయాణమునకు ముందుగనే రెండు గంటలు వ్యవధి చేర్చుకొనుట మనచేత నగును. అందుకే ఈ ప్రసంగము.

సెలవు.